గ్రామముల గొంతు వినిపించిన సంపాదకుడు

పంచాయతీ సభ్యుడు ప్రజల ప్రతినిధి. ప్రజలు చెప్పుకొనునది ఓపికతో వినుట అతని మొదటి విధి. విన్నదానిని వ్రాసి భద్రపరచుట రెండవ విధి. ఈ రెండింటిని జీవితాంతము నిర్వహించిన సురవరం ప్రతాపరెడ్డిగారి చరిత్రను ఈ పాఠమున తెలిసికొందము.

ప్రతాపరెడ్డిగారు 1896 మే 28న జన్మించిరి. వారి స్వగ్రామము ఇటిక్యాలపాడు. నాడు అది గద్వాల సంస్థానములోనిది. నేడు తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్నది. మద్రాసులో బి.ఎ., బి.ఎల్. పట్టములు పొంది, హైదరాబాదున కొంతకాలము న్యాయవాదిగా ఉండిరి. కాని వారి మనస్సు ప్రజాసేవ వైపునకే మరలెను.

పత్రికా స్థాపన

నాటి నిజాం రాష్ట్రమున తెలుగు మాట్లాడు ప్రజలు లక్షల కొలదిగా ఉన్నను, పాలనయు ఉన్నత విద్యయు ఉర్దూలో సాగుచుండెను. తెలుగు రైతు తన కష్టమును అర్జీగా పెట్టుకొనవలెనన్నను పరుల చేతివ్రాతయే దిక్కు. పైగా పల్లెలను వెట్టిచాకిరి పీడించుచుండెను. ఇట్టి కాలమున, 1926లో, ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను ప్రారంభించిరి. వారమునకు రెండుమారులు వెలువడు ఆ పత్రిక గ్రామస్థుల బాధలను వారి భాషలోనే లోకమునకు తెలిపెను. చాలినంత మంది రచయితలు లేనప్పుడు సంపాదకులే పలు మారుపేర్లతో వ్యాసములు వ్రాసిరి.

1930లో మెదకు జిల్లా జోగిపేటలో జరిగిన ప్రథమ ఆంధ్ర మహాసభకు వారే అధ్యక్షులు.

నిందకు సమాధానము

నిజాం రాష్ట్రమున తెలుగు కవులు లేరని ఒకరు వ్రాసిరి. ప్రతాపరెడ్డిగారు వాదులాటకు దిగలేదు. ఊరూరి కవుల వివరములను, పద్యములను సేకరించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. నింద అంతటితో నిలువలేదు. ఆధారము చేతనున్నవానికి కోపముతో పనిలేదని ఇందువలన తెలియుచున్నది.

శాసనసభలో

1952లో జరిగిన ఎన్నికలలో వనపర్తి నుండి హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఎన్నికైరి. అయితే 1953 ఆగస్టు 25న కాలధర్మము చెందుటచే, సభలో వారి సేవ రెండేండ్లైనను నిండలేదు. 1949లో వెలువడిన వారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాజుల యుద్ధములను గాక, సామాన్యుల తిండి, బట్ట, ఆటలు, పండుగలు, వృత్తులను వర్ణించును. ఆ గ్రంథమునకు 1955లో సాహిత్య అకాడమీ బహుమతి లభించెను. పదవి స్వల్పకాలము, వ్రాత శాశ్వతము.

మనము గ్రహింపవలసినది

పంచాయతీ సభ్యులారా! మీ వార్డులోని వృద్ధురాలు నీళ్లు రావని చెప్పినప్పుడు, తేదీ వేసి పుస్తకములో వ్రాసికొనుడు. ఏ అధికారికి తెలిపితిరో, ఏమి బదులు వచ్చెనో దాని క్రిందనే వ్రాయుడు. గ్రామసభ తీర్మానములను అందరికిని అర్థమగు తెలుగులో చదివి వినిపించుడు. నోటిమాట మరుగున పడవచ్చును. తేదీతో కూడిన వ్రాతను కాదనుట ఎవరికిని సులభము కాదు.

మీ గ్రామ తీర్మానముల పుస్తకమును ఈ వారమే ఒకమారు విప్పి చూడుడు. గత సంవత్సరమున మీ ఊరి పేదవాడు చెప్పుకొన్న మాట అందులో ఉన్నదా?