జాబితా చిన్నది, కట్టుబాటు గట్టిది

సమస్య

వేరుశనగ, జీడిపప్పు, నువ్వులు అనే మూడింటికీ ఎలర్జీ ఉందని ముప్పై ఆరేళ్ళ వయసులో నిర్ధారణ అయిన ఒక ఉపాధ్యాయిని కృష్ణా జిల్లా నుంచి రాసిన లేఖను బట్టి, జబ్బు కంటే దాని తరువాతి జీవితమే ఆమెను ఎక్కువగా కుంగదీస్తున్నదని తెలుస్తుంది. బంధువుల పెళ్ళిలో గుత్తివంకాయ కూర తిన్న కొద్ది నిమిషాలకే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఊపిరాడక ఆసుపత్రిలో చేరిన తరువాత, ఎలర్జీ నిపుణులు చేసిన చర్మ పరీక్షల్లో ఈ మూడూ తేలాయి. ఆ పైన ఒక ల్యాబులో చేయించుకున్న రక్తపరీక్షలో కందిపప్పు, పాలు, గోధుమ వంటి మరెన్నో పదార్థాలు కూడా పాజిటివ్‌గా రావడంతో ఆమె అన్నిటినీ మానేసి, అన్నం, ఆనపకాయ, అరటికాయలతో నెట్టుకొస్తూ బాగా చిక్కిపోయారు. కొద్దికొద్దిగా తింటే అదే అలవాటవుతుందని అత్తగారి వాదన. అదంతా పట్టింపేనని బంధువుల అభిప్రాయం. శుభకార్యాలకు వెళ్ళడం మానేసి, ఇంట్లో పల్లీలు వేగుతున్న వాసనకే బెదిరిపోతున్న ఆమె, మామూలు జీవితం ఇక సాధ్యమేనా అని అడుగుతున్నారు.

సలహా

సాధ్యమే. అయితే అందుకు ముందుగా చేయవలసినది మానేసిన పదార్థాల జాబితాను సరైన నిర్ధారణతో కుదించడం. ఎలర్జీ ఉన్నవారిలో, ఆహారంలోని హానిలేని ఒక ప్రోటీనును శరీర రక్షణ వ్యవస్థ శత్రువుగా పొరబడి, ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది. ఆ ప్రోటీను మళ్ళీ లోపలికి వచ్చినప్పుడు ఈ ప్రతిరక్షకాలు మాస్ట్ కణాలను రెచ్చగొట్టగా, వాటి నుంచి వెలువడే హిస్టమిన్ వంటి రసాయనాల వల్ల దద్దుర్లు, వాపు, ఆయాసం కలుగుతాయి. రక్తంలో ఐజీఈ కనిపించినంత మాత్రాన అది ఎలర్జీ కాదు, తిన్నప్పుడు లక్షణాలు కూడా రావాలి. బెంగళూరు, మైసూరు ప్రాంతాల్లోని పెద్దల మీద జరిగి 2016లో ప్రచురితమైన యూరోప్రివాల్ అధ్యయనంలో, ఏదో ఒక ఆహారానికి ఐజీఈ ఉన్నవారు నాలుగింట ఒక వంతుకు పైగా ఉండగా, లక్షణాలతో కూడా సరిపోలి నిజమైన ఎలర్జీ కావచ్చునన్నవారు ఒక శాతం పైచిలుకు మాత్రమే. ఇక కొన్ని ల్యాబులు చేసే ఐజీజీ పరీక్ష ఆ ఆహారాన్ని ఇదివరలో తిన్నట్లు చెబుతుందే తప్ప ఎలర్జీని నిర్ధారించదు. సందేహం ఉన్న పదార్థాన్ని ఆసుపత్రిలో, వైద్యుల కళ్ళెదుట, కొలత ప్రకారం కొద్దికొద్దిగా పెంచుతూ తినిపించి చూసే ఫుడ్ ఛాలెంజ్ ప్రామాణికమైన పరీక్ష. వేరుశనగ పప్పుజాతిదే అయినా, అది పడనివారిలో ఎక్కువమంది ఇతర పప్పులను నిశ్చింతగా తినగలరు. కాబట్టి ఆ పెళ్ళి విందు వరకు ఏ ఇబ్బందీ లేకుండా తింటూ వచ్చిన కందిపప్పు, పెరుగు ఈమెకు తిరిగి దక్కే అవకాశం చాలా ఎక్కువ. నెలల తరబడి మానేశారు గనుక వాటిని మళ్ళీ మొదలుపెట్టడం మాత్రం నిపుణుల సలహాతోనే జరగాలి. జీడిపప్పు పడనివారికి దాని దగ్గరి బంధువైన పిస్తా కూడా తరచు పడదు గనుక, ఆ ఒక్కదాన్ని జాబితాలో చేర్చుకోవాలి.

అలా మిగిలిన చిన్న జాబితా విషయంలో ఇక ఏ రాజీకీ తావు లేదు. అత్తగారి మాట ఆప్యాయతతో అన్నదే అయినా ప్రమాదకరమైనది. ఫ్రాన్సుకు చెందిన షార్ల్ రిషే, పోల్ పోర్టియే అనే శాస్త్రవేత్తలు సముద్రజీవి విషాన్ని కొద్ది మోతాదులో కుక్కలకు ఎక్కించి, వాటికి తట్టుకునే శక్తిని కలిగించాలని చూడగా, కొన్ని వారాల తరువాత ఇచ్చిన అతి స్వల్ప మోతాదే ప్రాణం తీసింది; రక్షణకు బదులు విపరీత ప్రతిచర్య కలిగే ఈ స్థితికి వారు 1902లో అనఫిలాక్సిస్ అని పేరుపెట్టారు, ఆ పరిశోధనకే రిషేకు 1913లో నోబెల్ బహుమతి లభించింది. కొద్దికొద్దిగా ఇచ్చి శరీరాన్ని అలవాటు చేసే చికిత్స ఈనాడు లేకపోలేదు గాని, మిల్లీగ్రాముల లెక్కతో, వైద్యుల పర్యవేక్షణలో జరగవలసిన ఆ చికిత్సను వంటింట్లో ప్రయత్నించడం ప్రాణంతో చెలగాటమే.

తెలుగు వంటింట్లో ఈ మూడు పదార్థాలూ కంటికి కనబడే చోట కంటే కనబడని చోటనే ఎక్కువగా ఉంటాయి. గుత్తివంకాయలో కూరే కారంలో పల్లీలు, నువ్వులు రెండూ పడతాయి. హోటల్లో కొబ్బరి చట్నీ అని వడ్డించేదానిలోనూ పల్లీలు కలవవచ్చు. ఆవకాయలో నువ్వుల నూనె, సకినాల్లో నువ్వులు, ఉప్మాలో జీడిపప్పు సర్వసాధారణం. నూనెల విషయంలో మరొక సూక్ష్మం ఉంది: పూర్తిగా శుద్ధి చేసిన వేరుశనగ నూనెలో ప్రోటీను దాదాపు మిగలదు, కాని ఆరోగ్యకరమని ఇప్పుడు ఇంటింటికీ చేరుతున్న గానుగ నూనెలో అది మిగిలే ఉంటుంది, నువ్వుల నూనె సాధారణంగా శుద్ధి చేయనిదే కాబట్టి దాన్ని పూర్తిగా మానవలసిందే. పల్లీల పచ్చడి రుబ్బిన మిక్సీ జారును ఎంత తోమినా, బ్లేడు అడుగున, మూత రబ్బరు అంచున పిసరంత మిగిలిపోతుంది గనుక, ఈమెకు ఒక జారు, ఒక గరిటె, ఒక మూకుడు వేరుగా ఉండాలి. పచ్చళ్ళ జాడీల్లో ఒకే చెంచా తిప్పే అలవాటు ఇంటిల్లిపాదీ మానాలి. ఇది తెలుగు కుటుంబాలకు కొత్త విద్యేమీ కాదు: కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండుకుని, మడి పాత్రలను వేరుగా ఉంచుకునే ఇల్లు, భక్తితో పాటించే అదే క్రమశిక్షణను కోడలి ప్రాణం కోసం పాటించలేకపోదు. రుచికీ లోటు రాదు. వంకాయలో కూరడానికి ధనియాలు, ఎండుకొబ్బరి, పుట్నాలపప్పుతో చేసిన కారం చక్కగా అమరుతుంది. కరివేపాకు కారం ఉండనే ఉంది, వైద్యులు సరేనన్న తరువాత కందిపొడి కూడా. నువ్వులతో పోయే కాల్షియాన్ని రాగులు, మునగాకు, వైద్యులు సరేనన్న తరువాత పెరుగు భర్తీ చేస్తాయి.

విందుల్లో వడ్డించేవారిని అడిగి ప్రయోజనం లేదు, ఏ కూరలో ఏ పొడి పడిందో వంటమాస్టరుకే తెలుస్తుంది గనుక ముందుగా ఆయననే అడగాలి. గరిటెలు కూరకూ కూరకూ మారకముందే, మొదటి బంతిలో భోజనం ముగించడం మేలు. తృప్తికరమైన జవాబు రాకపోతే ఇంట్లో తిని వెళ్ళి, పెళ్ళివారితో సంతోషంగా గడిపి రావడంలో అమర్యాద లేదు. పులిహోరలో పల్లీలు, తిరుమల లడ్డూలో జీడిపప్పు ఉంటాయి. కళ్ళకద్దుకున్నా ఆ ప్రోటీను కంటికి తగిలి వాపు రావచ్చు గనుక, ప్రసాదాన్ని పొట్లంతోనే స్వీకరించి, నమస్కరించి, ఇంట్లోవారికి అందించవచ్చు.

ఎంత జాగ్రత్తపడినా పొరపాటు జరగవచ్చు. గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, కళ్ళు తిరగడం, దద్దుర్లతో పాటు వాంతులు కనిపిస్తే అది అనఫిలాక్సిస్ అని భావించి, తొడ వెలుపలి కండరంలో యాడ్రినలిన్ ఇంజెక్షన్ వెంటనే ఇవ్వాలి. సిట్రిజిన్ వంటి మాత్ర దురదను తగ్గిస్తుందే గాని ప్రాణం నిలపదు, దాన్ని మింగి ఎదురుచూడటంలో విలువైన నిమిషాలు పోతాయి. విదేశాల్లో వాడే పెన్ను వంటి ఇంజెక్షన్ పరికరం మన మందుల దుకాణాల్లో సులువుగా దొరకదు గనుక, ఇంటివద్ద ఏది, ఎంత మోతాదులో ఉంచుకోవాలో నిపుణుల చేత రాయించుకుని, ఇచ్చే పద్ధతిని భర్త కూడా నేర్చుకోవాలి. ఇంజెక్షన్ ఇచ్చి 108కి ఫోన్ చేసి, రోగిని నిలబెట్టకుండా కాళ్ళు ఎత్తుగా ఉంచి పడుకోబెట్టాలి, ఊపిరాడకపోతే మాత్రం కూర్చోబెట్టవచ్చు. తగ్గినట్లనిపించినా లక్షణాలు కొన్ని గంటల్లో తిరగబెట్టవచ్చు కాబట్టి ఆసుపత్రికి వెళ్ళడం తప్పనిసరి.

వాసన గురించి ఈమె పడుతున్న భయం చాలావరకు తీసివేయదగినదే. ప్రమాదం ప్రధానంగా తినడం వల్లనే కలుగుతుంది, పక్కవారి పళ్ళెంలోని పచ్చడి వాసన వల్ల ప్రాణాపాయం రావడం అత్యంత అరుదు. పల్లీలు వేయించి పొడి కొట్టేటప్పుడు మాత్రం వంటింటికి దూరంగా ఉంటే సరిపోతుంది.

చివరగా, ఈమె చేతుల్లో లేని విషయం ఒకటి ఉంది. మన దేశంలో పొట్లాల మీద ఎలర్జీ కారకాలను ప్రత్యేకంగా ప్రకటించాలని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో చేసిన లేబులింగు నిబంధనల్లో గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి, వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, సోయా, సల్ఫైట్లు ఉన్నాయి గాని నువ్వులు లేవు. అమెరికా 2023 జనవరి నుంచి నువ్వులను తన జాబితాలో చేర్చుకుంది; సంక్రాంతి పిండివంటల నుంచి నిత్యం తినే ఆవకాయ వరకు నువ్వులతో ముడిపడిన దేశంలో ఆ పని ఇంకా ముందే జరగవలసింది, ఆలస్యంగానైనా జరిగి తీరాలి. అంతవరకు, నువ్వులు పడనివారు హెచ్చరిక గడిని మాత్రమే చూసి తృప్తిపడకుండా, పొట్లం వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల పట్టీ మొత్తాన్ని కొన్న ప్రతిసారీ చదవక తప్పదు.