మాటల వెనుక చరిత్ర

పాఠం ఉద్దేశం

చరిత్ర, పౌరశాస్త్ర గ్రంథాలలో తరచుగా కనిపించే కొన్ని పారిభాషిక పదాలను నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల చరిత్ర ఆధారంగా విద్యార్థులకు పరిచయం చేయడం.

పాఠ్యభాగం

పారిభాషిక పదాన్ని కంఠస్థం చేసినంత మాత్రాన దాని అర్థం మనసుకెక్కదు. ఆ పదం ఎవరి జీవితాన్ని ఏ విధంగా శాసించిందో తెలిసినప్పుడే అది మన సొంతమవుతుంది.

మొదట ‘సార్వభౌమాధికారం’ అనే పదాన్ని పరిశీలిద్దాం. మరొక అధికారానికి లోబడకుండా తన నిర్ణయాలను తానే తీసుకోగల రాజ్యశక్తికి ఈ పేరు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని గద్వాల, వనపర్తి సంస్థానాలకు ప్రభువులు, కోటలు, కొలువులు ఉండేవి. అయినా ఆ ప్రభువులు నిజాముకు కప్పం చెల్లించేవారు. ఆ నిజాము సైతం 1798లో సైన్యసహకార ఒప్పందానికి అంగీకరించి ఆంగ్లేయుల ప్రాబల్యానికి లోబడినాడు. కాబట్టి సింహాసనం ఉన్నంత మాత్రాన సార్వభౌమాధికారం ఉన్నట్లు కాదు.

రెండవ పదం ‘భూస్వామ్యం’. భూమిపై పెత్తనమే మనుషులపై పెత్తనంగా మారిన వ్యవస్థ ఇది. మధ్యయుగాల ఐరోపాలో రైతు తన ప్రభువు పొలంలో కూలి లేకుండా పనిచేయవలసి వచ్చేది. తెలంగాణలో అటువంటి చాకిరీకి ‘వెట్టి’ అని పేరు. చాకలి, కుమ్మరి, మంగలి మొదలైన వృత్తులవారు దొర గడీలో ప్రతిఫలం లేకుండా సేవ చేసేవారు. ఫ్రెంచి జాతీయ సభ 1789 ఆగస్టు 4 రాత్రి భూస్వామ్య హక్కుల రద్దును ప్రకటించింది. అదే ప్రశ్న ఒకటిన్నర శతాబ్దం తరువాత నాటి నల్లగొండ జిల్లాలో తలెత్తింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట దొర పాలు కాకుండా ఎదురునిలిచింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి కాల్పులకు నేలకొరిగాడు. రైతాంగ పోరాటం ఉద్ధృతమైంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది.

‘ప్రజాస్వామ్యం’, ‘గణతంత్రం’ అనే పదాలను పలువురు సమానార్థకాలుగా భావిస్తారు. బ్రిటన్‌ను పాలించేది ప్రజలు ఎన్నుకొన్న ప్రభుత్వమే. కనుక అది ప్రజాస్వామ్యం. కాని అక్కడ దేశాధిపత్యం వంశపారంపర్యంగా సంక్రమిస్తుంది. కనుక అది గణతంత్రం కాదు. భారతదేశం 1950 జనవరి 26న గణతంత్రమైంది. నిజాము 1956 వరకు రాజప్రముఖ్‌గా కొనసాగినా, 1952 ఎన్నికలతో హైదరాబాదు రాష్ట్ర పాలన ప్రజాప్రతినిధులకు దక్కింది. పాలమూరు ప్రాంతానికి చెందిన బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. సాయుధ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి నల్లగొండ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ప్రభువు దయకై ఎదురుచూచిన ప్రజ, హక్కుగా అడుగగల ‘పౌరుడు’గా మారిన కాలమది.

చివరి పదం ‘రాజ్యాంగం’. ప్రభుత్వాన్ని సైతం బంధించే మూలశాసనమిది. దీని 23వ అధికరణం వెట్టిని, బలవంతపు చాకిరీని నిషేధించింది. 1976 నాటి చట్టం అప్పుకు కట్టుబడి చేసే చాకిరీని రద్దు చేసింది. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించడం కూడా బలవంతపు చాకిరీయేనని 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పాలమూరు కూలీలు దూరప్రాంతాలకు వలసపోయి ఎన్నో ఆనకట్టలు నిర్మించారు. ముందుగా తీసుకొన్న బయానాకు కట్టుబడి పనిచేసే కూలీకి ఈ అధికరణం వట్టి మాట కాదు, రక్షణ కవచం. పదం తెలియనివానికి హక్కు ఉన్నా లేనట్లే.

కఠిన పదాలకు అర్థాలు

కప్పం : లోబడిన రాజు పై ప్రభువుకు చెల్లించే ధనం
గడీ : దొర నివసించే కోటవంటి భవనం
కౌలుదారు : ఇతరుల భూమిని ఒప్పందంపై సాగుచేసేవాడు
బయానా : ముందుగా ఇచ్చే సొమ్ము
అధికరణం : రాజ్యాంగంలోని ఒక నిబంధన

ప్రశ్నలు

1. గద్వాల సంస్థానానికి సార్వభౌమాధికారం ఉన్నదని చెప్పవచ్చునా? కారణాలు తెలపండి.
2. ప్రజాస్వామ్యానికి, గణతంత్రానికి గల భేదమేమి?
3. మీ ఊరి పెద్దలను అడిగి, వెట్టికి సంబంధించిన మాటలను సేకరించి రాయండి.