కాంతితో కొంత, ధ్వనితో కొంత – సముద్రపు లోతు కొలిచే విధానం



2020 అక్టోబరులో వాయుగుండం గాలులకు లంగరు నిలవక, 'ఎం.వి. మా' అనే బంగ్లాదేశ్ ఓడ విశాఖ తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళ మీదికి కొట్టుకొచ్చింది. మీలో చాలామంది చూసే ఉంటారు. అది గాలి చేసిన పని. అయితే నీటి కింద ఎక్కడ రాయి ఉందో, దానిపై ఎంత లోతు నీరుందో నావికుడు చూసుకునేది నౌకాయాన పటంలోనే. అందులోని లోతు అంకెలు ఎలా వస్తాయో తెలుసుకుందాం.

సోనార్: ఇది హైస్కూలులో చదివిన ప్రతిధ్వని లెక్కే. ఓడ అడుగునుంచి పంపిన ధ్వని సముద్రపు నేలను తాకి తిరిగి వస్తుంది. ఉప్పునీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు. 0.02 సెకన్లలో తిరిగి వస్తే, లోతు = 1500 × 0.02 ÷ 2 = 15 మీటర్లు. 'మల్టీబీమ్' సోనార్ ధ్వనిని విసనకర్రలా పరుస్తుంది. 120 డిగ్రీల విసనకర్ర 50 మీటర్ల లోతులో సుమారు 173 మీటర్ల వెడల్పు కొలుస్తుంది. 5 మీటర్ల లోతులో 17 మీటర్లే! ఒడ్డుకు వచ్చేకొద్దీ పని పెరుగుతుంది, సర్వే పడవకు రాళ్ళ భయమూ పెరుగుతుంది.

లేజర్: ఆ లోటును విమానం తీరుస్తుంది. దాని నుంచి పంపే పరారుణ కిరణం నీటి ఉపరితలం నుంచే వెనక్కి వస్తుంది. ఆకుపచ్చ కిరణం నీటిలోకి దిగి, అడుగును తాకి వస్తుంది. రెండింటి రాకకు మధ్య ఉన్న కాలవ్యత్యాసాన్నిబట్టి లోతు కడతారు. 15 మీటర్ల లోతుకు ఆ తేడా సెకనులో సుమారు 75 లక్షలవ వంతు మాత్రమే. ఆస్ట్రేలియా నౌకాదళం 1993లో గ్రేట్ బారియర్ రీఫ్ ప్రాంతంలో ఇలాంటి సర్వే మొదలుపెట్టింది.

కానీ లేజరుకు తేట నీరు కావాలి. అక్కడ 50 మీటర్ల వరకూ చూడగలదు. వానాకాలంలో మేఘాద్రిగెడ్డ వరదనీరు హార్బరులో కలిసేచోట దాని పని సాగదు. బురదనీటిలో సోనారే దిక్కు.

కలిపేటప్పుడు మూడు జాగ్రత్తలు:

1. విమానం ఒకరోజు, ఓడ మరొకరోజు కొలుస్తాయి. ఆటుపోట్ల తేడా తీసివేసి, రెండింటినీ ఒకే సున్నాకు తేవాలి. సాధారణంగా ఆ సున్నా, ఆటు సమయంలో నీరు బాగా దిగిపోయే మట్టం.

2. రెండూ కొలిచిన ఉమ్మడి పట్టీ ఒకటి ఉండాలి. అక్కడ ఒకదానితో మరొకదాన్ని సరిచూడాలి.

3. ఒకేచోట లేజర్ 6 మీటర్లు, సోనార్ 8 మీటర్లు చూపితే 7 అని వేయకూడదు. మళ్ళీ కొలవాలి. తేలేదాకా తక్కువ లోతునే నమ్మాలి. సగటు లెక్కకు ఒప్పు, ఓడకు ముప్పు!

మన దేశంలో ఈ పటాలను డెహ్రాడూన్‌లోని నౌకాదళ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం తయారుచేస్తుంది. సర్వే నౌక ఐ.ఎన్.ఎస్. సంధాయక్ 2024 ఫిబ్రవరి 3న మన విశాఖలోనే నౌకాదళంలో చేరింది.

తమ్ముళ్ళూ! ప్రతిధ్వని లెక్కను నేనూ ఒకప్పుడు రెండు మార్కుల కోసమే బట్టీపట్టాను. అందులో '2తో భాగించడం' మరిస్తే పరీక్షలో పోయేది రెండు మార్కులే. సముద్రంలో 15 మీటర్ల లోతు 30 అవుతుంది. అర్థం చేసుకుని చదవండి.