పక్క బెంచీ పిల్లలకూ పాఠం చెప్పే ఉద్యోగం

రెండో తరగతి పిల్లల ముందు నిలబడి, గొంతు పెగల్చకుండా పెదాలు మాత్రం ఆడించి ‘పాట’ అనండి. తర్వాత ‘బాట’, ఆపైన ‘మాట’. ఏది ఏదో చెప్పమంటే తలా ఒకటి అరుస్తారు. ప, బ, మ మూడూ పెదాలు మూసి తెరిచే అక్షరాలే కాబట్టి చూపుకు తేడా దొరకదు. గోల సద్దుమణిగాక, చెవికి మిషన్ పెట్టుకుని ముందు బెంచీలో కూర్చున్న పిల్లాడు రోజంతా చేస్తున్న పని ఇదేనని చెప్పండి. వాణ్ని ‘ఒరే మూగోడా’ అని పిలిచే నోళ్లు కాస్త ఆలోచనలో పడతాయి.

ఇలాంటి పాఠం చెప్పడం ఒక ఉద్యోగంలో భాగమని ఇంటర్ పూర్తిచేసిన చాలామందికి తెలియదు. గుంటూరు, ఒంగోలు వైపు ఎంపీసీ అంటే ఇంజనీరింగ్, బైపీసీ అంటే నర్సింగో ఫార్మసీయో, మిగిలినవాళ్లకు డీఎస్సీ కోచింగ్. వినికిడి లోపం విభాగంలో స్పెషల్ ఎడ్యుకేషన్ అనే దారి ఉందని విన్నవాళ్లు కూడా అది చెవిటి పిల్లలకు చదువు చెప్పడమే అనుకుంటారు. అది సగమే. మిగతా సగం, ఆ పిల్లాడి చుట్టూ ఉన్న పిల్లలకు వాడి సంగతి తెలియజెప్పడం. నన్నడిగితే కష్టమైన సగం ఇదే.

ముందు పోస్టుల సంగతి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు మామూలు బడుల్లోనే చదవాలన్నప్పుడు వాళ్లకు తగిన టీచర్లు కూడా ఉండాలని సుప్రీంకోర్టు 2021లో స్పష్టంగా చెప్పింది. ప్రాథమిక తరగతుల్లో అలాంటి పిల్లలు 10 మందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ఉండాలని కేంద్రం 2022లో నోటిఫై చేసింది. పోస్టులు గుర్తించి భర్తీ చేయాలని 2025 మార్చిలో కోర్టు రాష్ట్రాలకు మళ్లీ గట్టిగా చెప్పింది. ఆ మరుసటి నెలలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,260 స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ పోస్టులు మంజూరు చేసింది. అంతవరకూ ఈ పనంతా ఇలాంటి పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాలదీ, సమగ్ర శిక్ష కింద కాంట్రాక్టు మీద పనిచేసే రిసోర్స్ టీచర్లదీ. ఇప్పటికీ చాలావరకు వాళ్లదే.

తుళ్లూరు, అమరావతి వైపు ఒక మండలంలో రిసోర్స్ టీచరుగా చేరారనుకోండి. బడికి వెళ్లగానే మొదటి పని పిల్లాడి చెవి మిషన్ చూడటం. బ్యాటరీ ఉందా, చెవిలో అమరే అచ్చు సరిగా కూర్చుందా? పిల్లలు పెరిగేకొద్దీ చెవి కూడా పెరుగుతుంది. పాత అచ్చు వదులైతే మిషన్ కీచుమంటుంది. తరగతి పిల్లలకు అదో తమాషా, వాడికి తలవంపు. ఆ కీచు ఎందుకొస్తుందో అందరి ముందూ విప్పి చూపిస్తే తమాషా తగ్గుతుంది. తర్వాత మీ నోటికి ఒక కాగితం అడ్డుపెట్టుకుని ‘ఆ, ఈ, ఊ, మ్, స్, ష్’ అని ఒక్కొక్కటే పలకాలి. ప్రతిదానికీ పిల్లాడు చెయ్యెత్తాలి. మాటల్లో ఉండే సన్న, మోటు శబ్దాలన్నీ దాదాపు ఈ ఆరింటిలోనే వచ్చేస్తాయి. ‘స్’ దగ్గర చెయ్యి లేవకపోతే ఏదో తేడా ఉన్నట్టే. ఇక మన ఎండలకు చెమటపట్టి మిషన్లు త్వరగా పాడవుతాయి. రాత్రిపూట దాన్ని సిలికాజెల్ ఉన్న డబ్బాలో పెట్టమని తల్లికి చెప్పడం కూడా మీ పనే. ఆ తల్లి మిరపకోతలకు వెళ్లి ఉంటే నాయనమ్మకు చెప్పాలి.

పత్తికి పుట్టిల్లు లాంటి ప్రాంతం మనది. చెవుల్లో దూది పెట్టించి ‘వినపడకపోతే ఇలా ఉంటుంది’ అని చూపించే టీచర్లున్నారు. నాకది నచ్చదు. రెండు నిమిషాల దూదితో పిల్లలకు జాలి పుడుతుందే తప్ప అవగాహన రాదు. పుట్టుకతోనే వినికిడి లేని పిల్లాడికి ఏదో పోగొట్టుకున్న బాధ ఉండదు. ఎదుటివాళ్ల మాట తనకు అందకపోవడమే వాడి ఇబ్బంది. అందుకని అందించే పద్ధతులు నేర్పాలి. వెనకనుంచి పిలవకుండా భుజం తట్టడం, బోర్డువైపు తిరిగి మాట్లాడకపోవడం, అరవకపోవడం, ఆటలో విజిల్‌తోపాటు చెయ్యి కూడా ఊపడం.

అన్నిటికన్నా బాగా పనిచేసేది పేర్లు. భారతీయ సంజ్ఞా భాషలో ఇంగ్లిష్ అక్షరాలను రెండు చేతులతో చూపిస్తారు. అయిదు అచ్చులూ ఒక చేతి అయిదు వేళ్ల కొసల్లో ఉంటాయి. రెండో చేతి చూపుడువేలితో బొటనవేలి కొస ముట్టుకుంటే ఏ, చూపుడువేలు ఈ, నడివేలు ఐ, ఉంగరపువేలు ఓ, చిటికెనవేలు యూ. ఏబీసీడీలు వచ్చిన పిల్లలు తమ పేరు వేళ్లమీద చెప్పడం ఒక్క పూటలో పట్టేస్తారు. ఆపైన పొట్టి గుర్తుపేర్లు పెట్టుకుంటారు: బుగ్గన సొట్ట ఉన్న అమ్మాయికి బుగ్గమీద వేలు, ఎప్పుడూ జుట్టు ఎగదోసుకునేవాడికి ఆ చేష్టే పేరు. అందరికీ పేర్లు కుదిరేసరికి ఆ పిల్లాడు తరగతికి గురువైపోతాడు.

ఇక చదువులు. ఇంటర్లో 50 శాతం మార్కులుంటే రెండేళ్ల డీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్‌లో వినికిడి లోపం విభాగం తీసుకోవచ్చు. బీఈడీలు నాలుగేళ్ల సమీకృత కోర్సుల వైపు మళ్లుతున్నాయి కాబట్టి చేరబోయే ఏడాదికి ఆ కాలేజీకి, ఆ కోర్సుకు అనుమతి ఉందో లేదో భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ వెబ్‌సైట్లో మీ కళ్లతో చూసుకోండి. కన్సల్టెన్సీవాళ్ల మాట నమ్మి ఫీజు కట్టొద్దు. ఆర్‌సీఐ రిజిస్టర్‌లో పేరెక్కకుండా ఈ వృత్తి చేయడం 1992 నాటి చట్టం ప్రకారం నేరం. సైన్సు చదివినవాళ్లకు ఆడియాలజీ, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ డిగ్రీ ఉంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. మైసూరులో 1965లో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ దీనికి పెట్టింది పేరు. మనకు దగ్గరలో సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. సంజ్ఞా భాషా అనువాదకులకు ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం రెండేళ్ల డిప్లొమా నడుపుతోంది.

ఆడియాలజిస్టు అయ్యేవాళ్లకు బిడ్డ పుట్టిన నెలలోపే పని మొదలు కావాలి: నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు మిషనో చికిత్సో. మన ఊళ్లలో ‘వాళ్ల మేనమామకీ మూడేళ్లు నిండాకే మాటలొచ్చాయి’ అంటూ ఆ కాలమంతా గడిపేస్తారు. మేనరికాల్లో పుట్టు చెవుడు అవకాశం ఎక్కువన్న మాట ఆ ఇంట్లో చెప్పడానికి మీకు చదువుతోపాటు నేర్పూ కావాలి. కాక్లియర్ ఇంప్లాంట్ చేయించేస్తే సరిపోతుందనుకునే తల్లిదండ్రులూ ఉంటారు. ఆపరేషన్ తర్వాత ఏళ్లతరబడి వినడం, పలకడం నేర్పించాలి. మీ ఉద్యోగం నిలబడేదీ అక్కడే.

జీతం గురించి తీపిమాటలు చెప్పను. కాంట్రాక్టు కొలువు కాంట్రాక్టు కొలువే. రెగ్యులర్ పోస్టు వచ్చేదాకా ఓపిక పట్టలేననుకుంటే ఆడియాలజీ మేలు, ఆస్పత్రులు, చెవి మిషన్ల కంపెనీలు, సొంత క్లినిక్ అని మూడు దారులుంటాయి. ఏదైనా తేల్చుకునే ముందు, అనుమతి తీసుకుని బాపట్లలోని బధిరుల ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలకో, తిరుపతిలో టీటీడీ నడిపే బధిర పాఠశాలకో వెళ్లి ఒక పూట ఉండండి. భోజనాల వేళ అక్కడి పిల్లల చేతుల జోరు చూస్తే, ఈ పని మీకు సరిపడుతుందో లేదో ప్రాస్పెక్టస్ కన్నా బాగా తెలుస్తుంది.

ఇది చదువుతున్న మీకే వినికిడి లోపం ఉంటే, ఢిల్లీ కేంద్రంలో సంజ్ఞా భాష బోధనా డిప్లొమా ప్రత్యేకంగా బధిరుల కోసమే ఉంది. వినగలిగేవాళ్లతో పోటీ లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో బధిరులకు, వినికిడి తక్కువగా ఉన్నవాళ్లకు కలిపి ఒక శాతం కేటాయించింది. దానికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కావాలి. ఆ పరీక్షల శిబిరానికి స్లాట్ దొరకడమే ఆలస్యం కాబట్టి నోటిఫికేషన్ పడేదాకా ఆగకుండా ఈ వారమే మీ సచివాలయంలో అడగండి.