వెనక అద్దం దగ్గర ఆడేవాడికి ఏ బ్యాట్?

షటిల్ ఆడి ఆడి, అరవై దాటాక పాడెల్‌కి వచ్చినవాణ్ణి. పరుగు తగ్గింది కాబట్టి నాది కాచుకుని ఆడే ఆట. ఏ బ్యాట్ కొనాలని కోర్టులో కుర్రాళ్లు అడుగుతుంటారు. డిఫెన్స్ ఆడేవాళ్లకి నేను చెప్పేవి ఇవి.

1. ముందు మీరు నిలబడే చోటు చూసుకోండి. కోర్టు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. సర్వీస్ గీత నుంచి వెనక అద్దానికి దాదాపు 3 మీటర్లే. మన కాపురమంతా అక్కడే. బంతి అద్దానికి తగిలి వచ్చేదాకా ఆగితే ఆడే వ్యవధి దొరుకుతుంది గానీ, చెయ్యి బారుగా వెనక్కి లాగే జాగా దొరకదు. ఆ చిన్న ఊపుతోనే బంతి లేచి, నెట్ దగ్గర మాటు వేసిన ఇద్దరి నెత్తి మీదుగా వెళ్లి అవతలి మూలలో పడాలి. మీరు కొనే బ్యాట్‌కి అసలు పరీక్ష ఈ లాబే, స్మాష్ కాదు.

2. గుండ్రటిది తీసుకోండి. ఆకారాలు ప్రధానంగా మూడు: గుండ్రం, నీటిచుక్క, డైమండ్. డైమండ్‌లో బరువు పైభాగాన ఉంటుంది. బంతి సరిగ్గా తగలాల్సిన చోటు కూడా పైనే, అదీ చిన్నగా ఉంటుంది. స్మాష్‌కి బ్రహ్మాండం. అద్దం పక్కన కిందికి జారే బంతిని వంగి లేపాల్సి వచ్చినప్పుడు మాత్రం చుక్కలు కనిపిస్తాయి. గుండ్రటిదానిలో ఆ చోటు నడిమధ్య, విశాలంగా ఉంటుంది. బంతి కాస్త అటూ ఇటూ తగిలినా దారి తప్పదు.

బ్యాట్ మీద ఆటగాడి పేరు చూసి మాత్రం ఏదీ తేల్చుకోకండి. అర్జెంటీనా ఆటగాడు మిగెల్ లాంపెర్తి స్మాష్‌లకి పేరుపడ్డవాడు. ఆయన పేరుతో నాక్స్ కంపెనీ అమ్మే ఎం.ఎల్.10 ప్రో కప్ శుభ్రంగా గుండ్రటి బ్యాట్.

3. లోపలి ఫోమ్ మెత్తనిదైతే నెమ్మదిగా ఆడినా బంతి ఎగురుతుంది. గట్టిది బలంగా కొడితేనే పలుకుతుంది. పై పొరల్లో ఫైబర్ గ్లాస్ మెత్తన, కార్బన్ గట్టి. 3కె, 12కె, 18కె అని రాసి ఉంటే అవి ర్యాంకులనుకునేరు! కార్బన్ పోగులో ఎన్ని వేల తంతువులున్నాయో చెప్పే లెక్క అది. ఇంకో సంగతి: వేడికి ఫోమ్ ఇంకా మెత్తబడుతుంది. హైదరాబాద్ మే నెల ఎండలో మరీ మెత్తటి బ్యాట్ పట్టుకుంటే లాబ్ నేరుగా అవతలి అద్దానికి తగిలి పాయింట్ పోతుంది. మన ఊళ్లకి మధ్యరకమే మేలు. కారు డిక్కీలో వదిలేశారో, బ్యాట్ పాడైనట్టే.

4. గ్రాములు చూసి సంబరపడకండి, బరువు ఎటు మొగ్గుతోందో చూడండి. చాలా బ్యాట్లు 350 నుంచి 375 గ్రాముల్లోనే ఉంటాయి. చూపుడు వేలి మీద అడ్డంగా నిలిపితే ఎక్కడ సమంగా ఆగుతుందో తెలిసిపోతుంది. ఆ చోటు పిడికి దగ్గరైతే మనకి సరిపడ్డట్టు. అయితే వెనక ఆడేవాడి బ్యాట్ అద్దానికి గీసుకోక తప్పదు, పై అంచుకి టేపు వెయ్యక తప్పదు. ఆ టేపు బరువంతా తల వైపే చేరుతుంది. షాపులో తూకం చూసేటప్పుడే ఆ లెక్క కలుపుకోండి. పిడికి ఓవర్‌గ్రిప్ చుడితే కొంత మళ్లీ కిందికి దిగుతుంది.

5. పిడి సన్నగా ఉంటే గట్టిగా బిగించి పడతాం, మోచెయ్యి నొప్పి పట్టుకుంటుంది. ఒక చుట్టు అదనంగా వెయ్యండి. మణికట్టుకి తాడు తప్పనిసరి, అది ఆట నిబంధనే.

6. కొనేముందు ఒక పూట అరువు తెచ్చి ఆడండి. స్మాష్‌లు మానేసి, బ్యాక్‌హ్యాండ్ మూలలోంచి లాబులే వెయ్యండి. అన్నట్టు, ఖరీదైన బ్యాట్లలో ఎక్కువ భాగం గట్టి కార్బన్‌వి, దాడి చేసేవాళ్లకి పనికొచ్చేవి. మనకి కావలసింది మధ్య ధరలోనే దొరుకుతుంది. మిగిలిన డబ్బుతో కొత్త బంతులు కొనుక్కోండి, గాలి తగ్గిన బంతి ఏ బ్యాట్‌తో కొట్టినా సరిగ్గా లేవదు.