భయపడిన పిల్లి షుగర్ లెక్క

మన గోడపత్రికలో కవుల గురించి, సామెతల గురించి చదువుతుంటాం. ఈసారి నేను పిల్లి గురించి ఒక పాఠం రాస్తున్నాను. మనుషుల్లాగే పిల్లికి కూడా షుగర్ వస్తుంది. దానికి కూడా రోజూ రెండు పూటలా ఇన్సులిన్ వేయాల్సి రావచ్చు. అట్లాంటి పిల్లిని ఆసుపత్రికి తీసుకుపోవడం ఎట్లా, అక్కడ చూసిన షుగర్ అంకెను ఎంతవరకు నమ్మాలి అన్నదే ఈ పాఠం. ఇందులో పొరపాటు జరిగితే పిల్లి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మాట వెనక ఉన్న సంగతి

ముందు మాట చూద్దాం. మధు అంటే తేనె, మేహం అంటే మూత్రం. మూత్రం తియ్యగా ఉండే జబ్బు కాబట్టి మధుమేహం. ఆ మూత్రానికి చీమలు పడతాయని మన పాత వైద్యులు గమనించారు. ఇంగ్లీషువాళ్లు వాడే డయాబెటిస్ మెల్లిటస్ అన్న పేరులో కూడా మెల్లిటస్ అంటే తేనెలాంటి తీపి అనే అర్థం. తెలుగులో చక్కెర జబ్బు, కన్నడలో సక్కరె కాయిలె. అన్ని భాషల్లోనూ తీపే ఉంది.

మా ఇంట్లో కూడా ముందు తెలిసింది చీమల వల్లే. మా పిల్లి పేరు బెల్లం, రంగును బట్టి పెట్టిన పేరు. వయసు తొమ్మిదేళ్లు, బాగా లావు, మగపిల్లి, ఆపరేషన్ చేయించాం. పెరట్లో అది మూత్రం పోసే ఇసుక దగ్గర మా అవ్వ నిలబడి, "అమ్మీ, ఈడ చీమలు ఎట్ల పట్టినాయో చూడు" అనింది. అవ్వకు ఇరవై ఏళ్లుగా షుగర్ ఉంది, ఆమెకు అనుమానం తొందరగా వస్తుంది. తర్వాత చూస్తే మిగతా గుర్తులు కూడా కనపడినాయి. నీళ్లు ఎక్కువ తాగడం, ఎక్కువసార్లు మూత్రం, తిండి బాగా తింటున్నా చిక్కిపోవడం. జబ్బు ముదిరితే కొన్ని పిల్లులు వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడుస్తాయి. నడివయసు దాటిన లావు మగపిల్లులకు ఈ జబ్బు ఎక్కువగా వస్తుంది.

భయానికీ చక్కెరకూ సంబంధం

ఇప్పుడు అసలు విషయం. పిల్లి భయపడితే చాలు, దాని నెత్తురులో చక్కెర పెరుగుతుంది. ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ కానన్ అనే శాస్త్రవేత్త 1911లోనే తన తోటివాళ్లతో కలిసి చూపించాడు. కొన్ని పిల్లులను కదలకుండా చట్రంలో కట్టారు. కొన్నింటిని చిన్న బోనులో పెట్టి, ఎదురుగా ఒక చిన్న కుక్కతో మొరిగించారు. దెబ్బ తగలలేదు, నొప్పి పెట్టలేదు. అయినా ఆ పిల్లుల మూత్రంలో చక్కెర కనిపించింది. అడ్రినల్ గ్రంథులు తీసేసిన పిల్లులకు మాత్రం అట్లా రాలేదు. అంటే ఆ గ్రంథుల నుంచి వచ్చే అడ్రినలిన్ పని ఇది. భయం కలగగానే అది కాలేయంలో దాచిపెట్టిన చక్కెరను నెత్తురులోకి వదిలిస్తుంది. పారిపోవడానికో పోట్లాడడానికో కండరాలకు శక్తి కావాలి కదా.

కానన్ 1915లో రాసిన పుస్తకంలో మనలాంటి వాళ్ల సంగతి కూడా ఉంది. అక్కడ ఒక మహిళా కళాశాలలో రెండో సంవత్సరం విద్యార్థినులను పరీక్షించారు. ముందురోజు మూత్రంలో చక్కెర లేని 36 మందిలో, పరీక్ష రాసి బయటికి రాగానే 6 మందికి చక్కెర కనిపించింది! 1913లో హార్వర్డ్ ఫుట్‌బాల్ జట్టును చూస్తే 25 మందిలో 12 మందికి వచ్చింది. వాళ్లలో అయిదుగురు అసలు మైదానంలో దిగలేదు, పక్కన కూర్చుని చూసినవాళ్లు. ఈ ఫుట్‌బాల్ పరీక్షలో కానన్‌తో పాటు ఉన్న ఫిస్కే తర్వాతి కాలంలో మన యల్లాప్రగడ సుబ్బారావుతో కలిసి పనిచేశాడు. భాస్వరం కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది.

2002లో ఆస్ట్రేలియాకు చెందిన జాక్వీ రాండ్ బృందం పిల్లులకు అయిదు నిమిషాలు నీళ్లు చిమ్మి స్నానం చేయించి నెత్తురు పరీక్షించింది. పెనుగులాటకూ చక్కెర పెరగడానికీ సంబంధం ఉందని తేల్చింది. మామూలు పిల్లిలో పెరిగిన చక్కెర కాసేపటికి దిగిపోతుంది. షుగర్ ఉన్న పిల్లిలో ఇన్సులిన్ చాలదు కాబట్టి అంత తొందరగా దిగదు.

347 అనే అంకె

మొన్న మార్చిలో బెల్లాన్ని పరీక్షకు తీసుకుపోయాం. పొద్దున ఆరున్నరకు ఇంట్లో చెవి అంచున చిన్నగా పొడిచి గ్లూకోమీటర్‌తో చూస్తే 184. ఏడుకు తిండి పెట్టి, ఎప్పటిలాగే 2 యూనిట్ల ఇన్సులిన్ వేశాం. ఎనిమిదిన్నరకు ఆసుపత్రిలో చూస్తే 347. మీటర్ల తేడా ఏమో అని డాక్టరమ్మ మా మీటర్‌తో కూడా చూశారు, 339 వచ్చింది. ఇంజక్షన్ వేసిన గంటన్నరకు తగ్గాల్సింది పోయి దాదాపు రెట్టింపు అయింది. ఆ గంటన్నరలో బెల్లం ఆటో ఎక్కింది, లారీ హారన్లు వినింది, ఆసుపత్రి వాకిట్లో ఒక గేదెనూ మూడు కుక్కలనూ చూసింది.

ఆ 347ను నమ్మి డోసు పెంచితే ఏమవుతుందో ఆలోచించండి. పెంచిన ఇన్సులిన్ ఇంటికి వచ్చాక కూడా రోజూ వేస్తాం. ఇంట్లో భయం ఉండదు, ఆ ఎక్కువ చక్కెర కూడా ఉండదు. అప్పుడు షుగర్ 60 కన్నా కిందికి పోవచ్చు. పిల్లి తూలుతుంది, వణుకుతుంది, ఫిట్స్ వస్తాయి, చనిపోవచ్చు కూడా. షుగర్ ఎక్కువైతే హాని మెల్లగా జరుగుతుంది. తక్కువైతే ఒక్క రాత్రిలోనే ప్రాణం పోతుంది.

డాక్టరమ్మ మా నోటుబుక్కు అడిగారు. అందులో అంకెలు నేను, మాటలు మా అప్ప రాస్తాం. అప్పది కన్నడ, అమ్మది తెలుగు, కాబట్టి పుస్తకంలో రెండు లిపులూ ఉంటాయి. రోజూ పొద్దున "బెల్లక్కె ఇవత్తు ఎష్టు?" అని అప్ప అడిగితే నేను అంకె చెప్తాను, ఆయన పక్కన ఎంత తినింది, ఎన్ని నీళ్లు తాగింది రాస్తారు. మూడు వారాల లెక్క చూసి, బరువు తగ్గలేదని తూకం వేసి, ఆ రోజు డోసు మార్చలేదు. నెత్తురు తీసి ఫ్రక్టోసమైన్ పరీక్షకు పంపించారు. ఆ పరీక్ష ఒక్క క్షణపు చక్కెరను కాదు, గడిచిన రెండు మూడు వారాల సగటును చెప్తుంది. ఒక పూట భయం దాన్ని మార్చలేదు. ఫలితం బాగానే వచ్చింది. బెల్లం ఇప్పటికీ 2 యూనిట్ల మీదే ఉంది.

అయితే ఒక హెచ్చరిక. ఎక్కువ వచ్చిన ప్రతి అంకెనూ భయం మీదికి తోసేయకూడదు. పిల్లి తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, నీరసంగా పడి ఉంటే, నోటి నుంచి పండు మాగినట్టు వాసన వస్తే అది అత్యవసరం. అప్పుడు వెంటనే ఆసుపత్రికి పోవాల్సిందే.

ప్రయాణానికి ముందు వారం

పిల్లిని తీసుకుపోయే బుట్టను ఆ రోజే అటక మీద నుంచి దించితే, దాన్ని చూడగానే పిల్లి మంచం కిందికి పారిపోతుంది. వారం ముందే దించి, తలుపు తీసి, అది పడుకునే చోట పెట్టండి. లోపల దాని వాసన ఉన్న పాత గుడ్డ వేయండి. మా వీధిలో జీన్స్ కుట్టేవాళ్లు ఎక్కువ కాబట్టి మేం పాత జీన్స్ గుడ్డ వేశాం. మెత్తగా ఉండదు కానీ జారదు, గోళ్లకు పట్టు దొరుకుతుంది. తిండి కూడా ఆ బుట్టలోనే పెడితే నాలుగైదు రోజులకు అదే దాని ఇల్లు అనుకుంటుంది. బుట్ట పైభాగం విప్పడానికి వచ్చేదైతే మంచిది, ఎందుకో కింద చెప్తాను.

కొన్ని పిల్లులు మరీ భయస్తులు. వాటికి ప్రయాణానికి ముందు ఇవ్వడానికి గాబాపెంటిన్ లాంటి మందు డాక్టర్లు రాస్తారు. ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో వాళ్లే చెప్పాలి. మెడికల్ షాపులో మనమే అడిగి తెచ్చి వేయకూడదు.

ఆ రోజు పొద్దున

ఇంట్లో షుగర్ చూసి, టైముతో సహా రాసుకోండి. మనుషుల మీటర్ పిల్లి నెత్తురులో చక్కెరను అసలు కన్నా కొంచెం తక్కువగా చూపిస్తుంది. అందుకని ఎప్పుడూ ఒకే మీటర్ వాడి, అది ఏ మీటరో డాక్టరుకు చెప్పండి.

"పరీక్ష ఉంది కదా" అని మనమే పస్తు పెట్టకూడదు. ఇన్సులిన్ వేసి తిండి పెట్టకపోతే షుగర్ పడిపోతుంది. ముందురోజే ఫోన్ చేసి తిండి, ఇంజక్షన్ సంగతి అడగండి. పిల్లి తినకపోతే పూర్తి డోసు వేయకుండా డాక్టరును అడగండి. వేశామో లేదో గుర్తు లేకపోతే ఆ పూట వదిలేయండి, రెండోసారి వేయొద్దు.

సిరంజి గురించి కూడా జాగ్రత్త. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండే ఇన్సులిన్‌కు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లు ఉండేదానికి నారింజ రంగు మూత సిరంజి. 100 రకం మందును ఎర్ర మూత సిరంజిలో 2 గీత వరకు తీస్తే పడేది 2 యూనిట్లు కాదు, 5. ఇంట్లో అవ్వ సిరంజిలు ఒక డబ్బాలో, పిల్లివి వేరే డబ్బాలో పెట్టండి. అవ్వ ఇన్సులిన్ పిల్లికి అసలు వేయొద్దు.

దారిలో

మన బళ్ళారి ఎండ తెలిసిందే, వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. పొద్దున్నే బయలుదేరండి. షేర్ ఆటో వద్దు. బుట్ట మీద పలుచని తువ్వాలు కప్పండి, గాలి ఆడాలి, కానీ కుక్కలు, బండ్లు కనపడకూడదు. బుట్టను పిడి పట్టుకుని ఊపుతూ నడవకుండా, కింద చెయ్యి పెట్టి ఒడిలో ఉంచుకోండి. ఇన్సులిన్ సీసాను చల్లని ఫ్లాస్కులో పెట్టండి, ఐస్‌కు నేరుగా తగలనివ్వొద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

ఆసుపత్రిలో

మన వైపు పశువుల ఆసుపత్రులకు గొర్రెలు, ఎద్దులు, కుక్కలు అన్నీ వస్తాయి. చీటీ రాయించి, పిలిచేదాకా ఆటోలోనో దూరంగా చెట్టు కిందో ఉండండి. ఒకరు లోపల, ఒకరు పిల్లి దగ్గర. లోపల బుట్టను నేల మీద కాకుండా బల్ల మీద పెట్టండి. ఎత్తు మీద ఉంటే పిల్లికి ధైర్యం.

డాక్టరు చెయ్యి వేయకముందే మూడు మాటలు చెప్పండి: షుగర్ ఉంది, ఇన్సులిన్ ఇన్ని గంటలకు వేశాం, ఇంత తినింది. వీలైతే నెత్తురు పరీక్ష ముందు చేయమని అడగండి. టెంపరేచర్, పళ్లు, గోళ్లు అన్నీ చూశాక చేస్తే అప్పటికే పెనుగులాట అయిపోయి ఉంటుంది. పిల్లిని బయటికి లాగకుండా బుట్ట పైభాగం విప్పి, కింది సగంలోనే కూర్చోబెట్టి చూడమనండి. మెడ మీది తోలు పట్టి ఎత్తడం కన్నా తువ్వాలు చుట్టి పట్టుకోవడం మేలు. మెల్లగా మాట్లాడుతూ ఉండండి. నేను డాక్టరమ్మతో కన్నడలో, బెల్లంతో తెలుగులో మాట్లాడుతూనే ఉన్నాను. దానికి మాట అర్థం కాకపోయినా గొంతు తెలుసు.

ఇంటికి వచ్చాక

వెంటనే షుగర్ చూడాలని తొందరపడొద్దు. నీళ్లు పెట్టి, బుట్ట తలుపు తీసి, దాని ఇష్టానికి వదిలేయండి. సాయంత్రం మామూలు టైముకు చూసి రాసుకోండి. ఆ రోజంతా తూలుతోందా, వణుకుతోందా గమనించండి. అట్లా ఉంటే తేనెనో చక్కెర నీళ్లనో వేలితో చిగుళ్ల మీద రుద్ది, డాక్టరుకు ఫోన్ చేసి బయలుదేరండి. నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

తిండి మార్చేటప్పుడు కూడా అడిగి మార్చండి. మన ఇళ్లలో పిల్లికి పాలన్నం పెడతాం, కానీ అది మాంసం తినే జీవి. అన్నం తగ్గించి కోడిమాంసం, చేపలు పెంచితే షుగర్ తగ్గుతుంది, పాత డోసే ఎక్కువైపోవచ్చు. సరైన తిండి, ఇన్సులిన్ తొందరగా మొదలుపెడితే కొన్ని పిల్లులకు కొంతకాలానికి ఇన్సులిన్ అవసరమే ఉండదు.

సంచిలో పెట్టుకోవాల్సినవి: నోటుబుక్కు, మీటర్, ఇన్సులిన్, సిరంజిలు, అలవాటైన తిండి, తేనె సీసా, ఒక తువ్వాలు. వీటిలో నోటుబుక్కు ఒక్కటే డబ్బు పెట్టి అప్పటికప్పుడు కొనలేనిది. అది రోజుకు రెండు లైన్ల చొప్పున ఇంట్లో తయారవ్వాలి. మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ షుగర్ ఉన్న పిల్లి ఉంటే ఈ రోజు సాయంత్రమే మొదటి లైను రాయండి. ఏదైనా సందేహం ఉంటే రెండో సంవత్సరం బీఏ క్లాసుకు వచ్చి అడగండి, మా నోటుబుక్కు చూపిస్తాను.