కొటేషన్‌లో పనికి కూడా ధర వేయండి

చవితికి మండపాలు, దసరాకు ఉసిరికాయలపల్లి కోటమైసమ్మ జాతర, మాఘం నుంచి పెళ్లిళ్లు. ఖమ్మం జిల్లా కారేపల్లి చుట్టుపక్కల మైక్ సెట్ నడిపేవాళ్ల సంవత్సరం ఇట్లా గడుస్తుంది. మూఢం వచ్చిందంటే బాక్సులకు దుమ్ము పడుతుంది, కుర్రాళ్లకు జీతం మాత్రం తప్పదు. ఆ ఖాళీని పూడ్చే దారి బిగింపు పని: ఫంక్షన్ హాల్‌కు స్పీకర్లు, ఆశ్రమ పాఠశాలకు డిజిటల్ ప్యానెల్, గుడికి మైకు, పంచాయతీకి సీసీ కెమెరాలు. 2024 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం ‘రైతు నేస్తం’ పేరుతో తొలి విడతగా 110 రైతు వేదికల్లో వీడియో కాన్ఫరెన్స్ మొదలుపెట్టింది. అంటే తెర, కెమెరా, మైకు ఇప్పుడు పల్లెల దాకా వచ్చాయి. వాటిని బిగించాలి, చెడిపోతే బాగుచేయాలి.

అయితే కిరాయి నుంచి బిగింపులోకి వచ్చినవాళ్లు చాలామంది ఒకే దగ్గర నష్టపోతున్నారు. యాంప్లిఫయర్ ఇంత, స్పీకర్లు ఇంత అని రాసి, కొలతలు తీయడం, వైరింగ్, ఎర్తింగ్, ట్యూనింగ్ అన్నీ ‘ఫిట్టింగ్ ఫ్రీ’ కింద కలిపేస్తున్నారు. బాక్సు ధర ఎంతో కస్టమర్ మీ ముందే ఫోన్‌లో చూస్తాడు. దాని మీద మీకు మిగిలేది స్వల్పం. ఫోన్‌లో దొరకనిది మీ పని. దానికి కొటేషన్‌లో విడిగా లైను రాసి, పక్కన ధర వేయండి. ఆ ధర ఎందుకని అడిగితే చెప్పడానికి కింది విషయాలు తెలిసుండాలి.

ముందు కొలత, తర్వాతే ధర

ఫోన్‌లో హాలు ఫొటో చూసి ధర చెప్పొద్దు. టేపు పట్టుకుని వెళ్లండి. పొడవు, వెడల్పు, పైకప్పు ఎత్తు, కరెంటు పాయింట్లు, ఎర్త్ పిట్ ఉందో లేదో రాసుకోండి. ఆ కాగితమే మీ ఎస్టిమేషన్‌కు పునాది.

తెర సైజు కొలత లేకుండా తేలదు. రాసింది చదవాలంటే చివరి బెంచీ తెర ఎత్తుకు ఆరు రెట్ల దూరం లోపు ఉండాలన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న లెక్క. 75 అంగుళాల ప్యానెల్ ఎత్తు దాదాపు 93 సెంటీమీటర్లు. అంటే అయిదున్నర మీటర్ల వరకు ఫర్వాలేదు. ఎనిమిది మీటర్ల గదిలో వెనక కూర్చున్న పిల్లలకు బొమ్మ కనిపిస్తుంది కానీ అక్షరం అందదు. ఈ సంగతి హెడ్మాస్టర్‌కు ముందే చెప్పి, కొటేషన్‌లో కూడా రాయండి. రేపు ఫిర్యాదు వస్తే ఆ లైనే మీకు అండ.

వాట్లు పెంచితే మాట వినపడదు

మన ఫంక్షన్ హాళ్లలో పైన రేకులు, కింద గ్రానైట్, చుట్టూ నున్నటి గోడలు. శబ్దం వాటికి తగిలి తిరిగి వస్తుంది. పురోహితుడి మంత్రం, నాయకుడి ప్రసంగం రెండూ గుంయ్‌మంటాయి. యజమాని ‘ఇంకో రెండు పెద్ద బాక్సులు పెట్టు’ అంటాడు. పెడితే గోల పెరుగుతుంది, మాట మాత్రం తేలదు. ముందు రెండు పెద్ద బాక్సుల బదులు గోడల వెంట చిన్న కాలమ్ స్పీకర్లు ఎక్కువ సంఖ్యలో, జనం వైపు కాస్త కిందికి వంచి పెట్టండి. స్పీకర్ నుంచి దూరం రెట్టింపు అయితే ఆరుబయట శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అందుకే మనిషికి దగ్గరగా ఉన్న చిన్న స్పీకర్ తక్కువ వాల్యూమ్‌లోనే పని కానిస్తుంది.

వేదిక దగ్గరి స్పీకర్లకు 15 మీటర్ల దూరంలో, హాలు వెనక వైపు కూడా స్పీకర్లు ఉంటే వాటికి దాదాపు 44 మిల్లీసెకన్ల డిలే ఇవ్వాలి. లేకపోతే వెనక వరసకు ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది. డిజిటల్ ప్రాసెసర్‌లో ఇది అయిదు నిమిషాల పని. కానీ చేసి వినిపించి చూడండి, యజమాని మీ ట్యూనింగ్ ధర మీద బేరమాడడం మానేస్తాడు.

ఎక్కువ స్పీకర్లు, దూరపు వైర్లు అంటే 100 వోల్ట్ లైన్ వాడాలి. విద్యుత్ శాఖ 11 కేవీలో కరెంటు పంపే సూత్రమే ఇది: వోల్టేజీ పెరిగితే అదే పవర్‌కు వైరులో కరెంటు తగ్గుతుంది, నష్టం తగ్గుతుంది. 30 వాట్ల ట్యాప్ పెట్టిన ఎనిమిది స్పీకర్లకు 240 వాట్లు. యాంప్లిఫయర్ కనీసం 300 వాట్లది తీసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ లేని 8 ఓమ్స్ స్పీకర్‌ను ఆ లైనుకు కలిపితే కాలిపోతుంది. ఆ లైను షాక్ కూడా కొడుతుంది. కొత్త కుర్రాళ్లకు మొదటి రోజే చెప్పాల్సిన మాట ఇది.

వైరు, ఎర్తింగ్

మార్కెట్లో తక్కువ ధరకు దొరికే క్యాట్6 వైరులో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత. కొన దగ్గర బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా తేలితే పక్కన పెట్టండి. అలాంటి వైరుతో దూరంగా బిగించిన కెమెరా పగలంతా బాగుంటుంది, చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే వోల్టేజీ చాలక ఆగి ఆగి మొదలవుతుంది. మీరు రాత్రిపూట బండి తీసుకుని బయలుదేరాలి. మంచి వైరుకు పెట్టే ఖర్చు ఆ ట్రిప్పుల కన్నా తక్కువ. మామూలు హెచ్‌డీఎంఐ వైరును పది, పదిహేను మీటర్లకు మించి నమ్మొద్దు. అంతకు మించితే ఆప్టికల్ వైరు గానీ, క్యాట్6 మీద నడిచే ఎక్స్‌టెండర్ గానీ వేయండి.

హమ్మింగ్ వస్తే ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయడం మన దగ్గర పాత అలవాటు. హమ్ ఆగుతుంది, కానీ మైకు పట్టుకున్న మనిషి ప్రాణానికే ముప్పు. సౌండ్ పరికరాలన్నిటికీ ఒకే ఎర్త్ ఇవ్వండి. బ్యాలెన్స్‌డ్ వైర్లు వాడండి. అప్పటికీ తగ్గకపోతే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. పిడుగులు, వోల్టేజీ హెచ్చుతగ్గులు ఉండే ఊళ్లలో స్టెబిలైజర్‌ను, సర్జ్ ప్రొటెక్టర్‌ను ‘కావాలంటే’ జాబితాలో కాకుండా అసలు కొటేషన్‌లోనే చేర్చండి. కస్టమర్ వద్దంటే, వద్దన్నట్టు సంతకం తీసుకోండి.

రాత్రి పది గంటల నిబంధన

2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మోగించకూడదు. నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. గుడి కమిటీకి, హాలు యజమానికి ఈ సంగతి చెప్పడం మీ బాధ్యత. స్పీకర్ నోరు ఊరి వైపు కాకుండా భక్తుల వైపు తిప్పి బిగిస్తే గొడవలు చాలావరకు మొదలే కావు.

డబ్బు చేతికి రావాలంటే

ప్రైవేటు పనికి ఆర్డరప్పుడు 60 శాతం, సామాను దిగినప్పుడు 30, నడిపి చూపించాక 10 శాతం అని ముందే రాసుకోండి. సొంత పెట్టుబడితో పని మొదలుపెడితే ఒక్క బిల్లు ఆగినా తర్వాతి పని ఆగుతుంది.

ప్రభుత్వ పనుల్లో కాంట్రాక్టు రెండున్నర లక్షలు దాటితే 2 శాతం జీఎస్టీ టీడీఎస్ కోస్తారు. అది పోయిన సొమ్ము కాదు. పోర్టల్‌లో మీరు ఆమోదిస్తే మీ క్యాష్ లెడ్జర్‌లో జమవుతుంది. చాలామంది చూసుకోక అక్కడే వదిలేస్తారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, కానీ సేవల కింద చేయించుకోండి. చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. ఉత్త వ్యాపారి కింద నమోదైతే ఈ రక్షణ రాదు.

దగ్గరుండడానికీ ధర ఉంది

హైదరాబాద్ కంపెనీ మీకన్నా తక్కువకు బాక్సులు ఇవ్వగలదు. పెళ్లి పొద్దున మైకు పలకకపోతే గంటలో రాలేదు. ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం రాసేటప్పుడు ఈ మాటనే అక్షరాల్లో పెట్టండి: ఫోన్ చేసిన ఎన్ని గంటల్లో వస్తారు, ఏ భాగాలు ఒప్పందంలోకి వస్తాయి, ఏవి రావు, వానలకు ముందు ఒకసారి, లగ్గాలకు ముందు ఒకసారి వచ్చి ఏం తనిఖీ చేస్తారు. ఎలుక కొరికిన వైరు, చీమలు పట్టిన యాంప్లిఫయర్ ఆ తనిఖీలోనే బయటపడతాయి.

పని అప్పజెప్పేటప్పుడు వైరింగ్ గీసిన కాగితం, పాస్‌వర్డ్‌లు, వారంటీ కార్డులు ఒక ఫైలులో పెట్టి ఇవ్వండి. స్విచ్చులు వేసే వరస తెలుగులో రాసి గోడకు అంటించండి. వచ్చే వారం కొటేషన్ ఇవ్వాల్సిన పని ఏదైనా ఉంటే, సర్వే, వైరింగ్, ఎర్తింగ్, ట్యూనింగ్, ఏడాది సర్వీసు అని అయిదు లైన్లు వేరుచేసి రాసి చూడండి. కస్టమర్ బేరమాడితే ఏదో ఒక లైను తీసేసి తగ్గించండి. ఆ లైనులోని పనిని మాత్రం ఉచితంగా చేయకండి.